పన్నెండేళ్ళ పాపకు, ఎనభై రెండు కిలోల నాయనకు ఒకే గుర్రం: ఏ జాతిది కొనాలి?

పెనుకొండ_పట్టురైతు:

అందరికీ నమస్కారం. మాది పెనుకొండ దగ్గర పల్లె. ఆరెకరాలు ఉంది. సగం మల్బరీ, సగం వేరుశనగ. నాలుగు పాడి ఆవులున్నాయి, వాటికోసం గట్ల మీద సూపర్ నేపియర్ గడ్డి వేసినాను. మా పాప ఎండాకాలం సెలవుల్లో బెంగళూరులో వాళ్ళ పిన్ని ఇంటికాడ ఉండి గుర్రపుస్వారీ నేర్చుకునింది. అప్పట్నుంచి ఇంట్లో ఇంకో మాట లేదు. నిజం చెప్పాలంటే నాకూ చిన్నప్పటి నుంచి ఆశే. మా ఆవిడ మాత్రం "ముందు గుర్రమంటారు, తర్వాత దానికో షెడ్డంటారు" అని సణుగుతా ఉంది.

ఇప్పుడు చేతికి అందేవి రెండు బేరాలు. ఒకటి, పెళ్ళిళ్ళకు గుర్రాలు తిప్పే ఆయన దగ్గర రెండున్నాయి. తెల్లది నుక్రా జాతి అంటాడు, ఎర్రది పంచకళ్యాణి జాతి అంటాడు. ఏదైనా లక్షా ఎనభై, రెండూ మూడేండ్లవే, డప్పుకు భలే ఆడతాయి అంటాడు. రెండోది, రేసుల నుంచి దించేసిన ఐదేండ్ల గుర్రం. లారీ బాడుగ పెట్టుకుంటే చాలు, ఊరికే తోలుకుపో అంటున్నారు.

పాప తోటలో, ఊరి చుట్టూ తిరగాలి. ఆదివారం పొద్దున నేను కూడా చెరువు కట్ట దాకా పోయి రావాలి. మా నేల రాళ్ళ నేల. మార్వాడీ, కాఠియావాడీ, అరబ్బీ, థరోబ్రెడ్ అని పేర్లు వింటున్నా గానీ ఏది దేనికి పనికొస్తుందో తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

నాల్బంద్_మలక్‌పేట:

అన్నా, ముందుగాల ఆ లక్షా ఎనభై జేబుల్నే ఉంచు. నుక్రా అన్నది రంగు. పంచకళ్యాణి అన్నది మచ్చ. నాలుగు కాళ్ళు తెల్లగ, మొఖం మీద తెల్ల చార ఉన్నదాన్ని పంచకళ్యాణి అంటరు. మార్వాడీకి అట్ల ఉండొచ్చు, థరోబ్రెడ్‌కు ఉండొచ్చు, తల్లీతండ్రి ఏందో తెల్వని తట్టుకు, అంటే పొట్టి గుర్రానికి కూడ ఉండొచ్చు. మచ్చకు రేటు కట్టి జాతి అని అమ్ముతున్నడు ఆయన.

నేను నాలలు కొట్టేటోన్ని. మా నాయనది కూడ ఇదే పని. రేసు గుర్రాలు, పోలో గుర్రాలు, పెళ్ళి గుర్రాలు, ఫామ్‌హౌస్‌లల్ల షోకుకు ఉంచుకున్నయి, అన్ని నా చేతికి వస్తయి. సేటు రంగు చూస్తడు, అమ్మేటోడు సుడులు చూపిస్తడు, నేను కాలెత్తి గిట్ట అడుగు చూస్త. అందుకే నాకు తెలిసిన తీరుగనే చెప్త.

రేసు గుర్రంతోని షురూ చేద్దాం. థరోబ్రెడ్. ఇంగ్లండుల దాదాపు మూడు వందల ఏండ్ల కింద తయారైన జాతి. అక్కడి ఆడగుర్రాల మీదికి తూర్పు దేశాల మగగుర్రాలను దాటించిన్రు. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అని మూడు. ఇయ్యాల మలక్‌పేటల ఉరికేటియి, బెంగళూరుల ఉరికేటియి, అన్నిటి తండ్రి వరుస ఈ మూడిట్ల ఒకదానికి చేరాల్సిందే. దాన్ని తయారు చేసింది ఒక్క పనికి: వెయ్యి మీటర్ల నుంచి రెండున్నర మూడు వేల మీటర్ల దాక, మెత్తటి ట్రాక్ మీద, మీద యాభై అరవై కిలోల జాకీ ఉంటే పానం పెట్టి ఉరుకుడు. గంటకు అరవై కిలోమీటర్లు అలవోకగ దాటుతది. కాని ఆ ఉరుకుడు కోసం మిగతావన్ని వదిలేసిన్రు. చర్మం పల్చన. గిట్ట గోడ పల్చన, అడుగు చదును. రేసు రోజు దానికి మేం కొట్టేది అల్యూమినియం నాల, చేతిల పట్టుకుంటే చిన్నపిల్లల బొమ్మంత బరువు కూడ ఉండదు. గసొంటి గిట్టతోని మీ పెనుకొండ రాళ్ళ మీద ఇనుప నాల లేకుంట తిరిగితే వారం తిరగకముందే కుంటుతది. నాల కొట్టుదామంటే మొల దిగేటంత మందం కొన్నిటికి ఉండనే ఉండదు.

ఇంకోటి. మనం పగ్గం బిగపడితే గుర్రం ఆగాలె గదా. రేసు గుర్రానికి నేర్పింది వేరే. జాకీ పగ్గం బిగపట్టుకుంటే ఆ ఆసరా మీద ఒరిగి ఇంకా జోరుగ పోతది. నీ బిడ్డ భయపడి పగ్గం గుంజిందనుకో, దానికి అర్థమయ్యేది "పో" అనే. ఊరికే ఇస్తున్నరంటే ఊరికే కాదన్నా. నెలల తరబడి మళ్ళ మొదటి నుంచి నేర్పాలె, ఆ ఖర్సు నీ మీద.

ఇగ మార్వాడీ. జోధ్‌పూర్, బాడ్‌మేర్ దిక్కు గుర్రం. చెవులు లోపలికి వంగి, కొసలు ఒకదానికొకటి తాకుతయి. ఆ చెవులు చూసే చానామంది కొంటరు. ఎడారిల పుట్టింది గనక ఎండకు ఓర్చుకుంటది, తక్వ మేతతోని బతుకుతది, గిట్ట గట్టిది. నా కత్తికి మార్వాడీ గిట్ట ఎండిన కొబ్బరిచిప్ప తీరుగ తగుల్తది, సాన రెండుసార్లు పట్టాలె. రేవాల్ అని ఒక నడక ఉంటది కొన్నిటికి. దుల్కీల, అంటే గుర్రం చిన్న పరుగుల, మనం ఎగిరెగిరి పడతం గదా, రేవాల్‌ల ఆ కుదుపు ఉండదు, దూరం పోయినా నడుం పట్టది. బేరగాళ్ళు ఎత్తు ఇంచులల్ల చెప్తరు, 60, 62, 64 అని. రేసు వాళ్ళు హ్యాండ్స్‌ల చెప్తరు. నాలుగు ఇంచులు ఒక హ్యాండ్. 15.2 అంటే పదిహేను హ్యాండ్స్ మీద రెండు ఇంచులు, మొత్తం 62. చుక్క పెట్టిన్రని పదిహేనున్నర కంటె తక్వ అనుకోవద్దు, అది సరిగ్గ పదిహేనున్నర. కొలిచేది తల దాక కాదు, మెడ అయిపోయి వీపు మొదలైన ఎత్తుకాడ.

కాఠియావాడీ దానికి చుట్టమే, గుజరాత్ సౌరాష్ట్ర దిక్కుది. ఎత్తు కొంచెం తక్వ, చెవులు ఇంకా వంపు, నుదురు వెడల్పు. గుజరాత్ పోలీసోళ్ళు వాడతరు. కచ్ దిక్కు కచ్ఛీ-సింధీ అని ఇంకోటున్నది, నడక మంచిది.

కని మార్వాడీల ఒక చిక్కున్నది. పెళ్ళిళ్ళల్ల ఆడించేటియి ఎక్వ అవే, వాటి కలగలుపువే. డప్పు చప్పుడు ఇంటె ముందు కాళ్ళు లేపుడు దానికి నేర్పిన విద్య. నువ్వు చెరువు కట్ట మీద పోతున్నప్పుడు ఊళ్ళె ఏ జాతర డప్పో మోగిందనుకో, అది తన డ్యూటీ తాను చేస్తది. "భలే ఆడతాయి" అన్నడు సూడు, నాకు గక్కడనే గుండె ఝల్లుమన్నది. మార్వాడీ కొంటే పెళ్ళి పని చెయ్యనిది కొను. మగగుర్రం వద్దు. ఆడగుర్రమో, విత్తులు తీసిందో చూడు.

తెల్ల గుర్రం సంగతి. పెదాల చుట్టు, కండ్ల చుట్టు చర్మం చూడు. గులాబి రంగుంటే పుట్టుకతోనే తెల్లది, దాన్నే నుక్రా అంటరు. నల్లగుంటే పుట్టినప్పుడు నలుపో ఎరుపో ఉండి ఏండ్లు గడిచేకొద్ది తెల్లబడ్డది. గులాబి చర్మం అనంతపురం ఎండకు కమిలి పుండ్లు పడతది. పెళ్ళి రాత్రిపూట గనక ఆయనకు నడుస్తది. ఇగ తెల్లకాళ్ళకు ఉండే తెల్ల గిట్ట మెత్తగుంటదని మా పనోళ్ళే నమ్ముతరు. నా కత్తికైతే ఎన్నడు తేడా తెల్వలే.

అరబ్బీ మంచి గుర్రం, కాదనను. ఒక్క రోజుల 160 కిలోమీటర్లు పోయే పందాలల్ల ముందుండేది అదే. ఎండ అలవాటు. మీ పెనుకొండ ఏలిన విజయనగరం రాజులు పడవల మీద తెప్పించుకున్నయి అసొంటియే. కృష్ణదేవరాయలు పోర్చుగీసోళ్ళతోని దోస్తానా చేసింది గుర్రాల కోసమే గదా. మార్కో పోలో అంతకు రెండు వందల ఏండ్ల ముందే దక్షిణాది రేవుల సంగతి రాసిండు: గుర్రాలు తెచ్చి అమ్మే సౌదాగర్లు నాల్బంద్‌లను మాత్రం ఇటు రానియ్యలేదట, గుర్రాలు తొందరగ చస్తే మళ్ళ కొంటరని. మా వృత్తికి ఇంతకన్న పెద్ద సర్టిఫికెట్ నేను చూడలే. కని అసలైన అరబ్బీ కాగితాలతో సహా దొరకాలంటే నీ ఆరెకరాలల్ల కొంత అమ్మాలె. వదిలెయ్.

మణిపురీ పోలోకు పుట్టిన గుర్రం, పొట్టిది, ఇయ్యాల మిగిలినయే తక్వ. స్పితీ, జన్స్‌కారీ, భూటియా చలి కొండల మీద బరువులు మోసేటియి, మన ఎండకు తేవద్దు. విదేశాల శైర్, క్లైడ్స్‌డేల్ అని టన్ను బరువు దాక పెరిగేటియి ఉంటయి, నాగళ్ళు బండ్లు గుంజనీకి పెంచినయి. యూట్యూబ్‌ల చూడనీకి బాగుంటయి.

నన్నడిగితే నీ బిడ్డకు భీమథడి చూడు. మన దక్కను గుర్రం. పుణె, సోలాపూర్, సతారా దిక్కు భీమా నది పరివాహకంల పుట్టింది. మరాఠోళ్ళ ఫౌజుల తిరిగింది గిదే. ఇప్పుడు ధంగర్లు, గొర్రెలతోని ఊరూరు తిరిగేటోళ్ళు, సామాన్లు, కోడిపిల్లలు, పసిపిల్లలను దాని మీద ఏసుకొని పోతరు. ఈ మధ్యనే సర్కారు దాన్ని జాతిగ గుర్తించింది. ఎత్తు పదమూడు హ్యాండ్స్ అటూఇటూ. రాళ్ళల్ల నాల లేకుంటనే తిరుగుతది. పిల్లలు మీదున్నా, కుక్క మొరిగినా, లారీ హారన్ కొట్టినా తల తిప్పి చూసి మళ్ళ గడ్డి మేస్తది. ఫోటోల అందంగుండదు, పొట్ట జారి ఉంటది. గంతే.

కని నీ ఎనభై రెండు కిలోలున్నయి సూడు. గుర్రం తన బరువుల ఐదో వంతు దాక మోస్తదని లెక్క, జీనుతో సహా. పదమూడు హ్యాండ్స్ తట్టు మూడు వందల కిలోలు తూగితే ఎక్వ. అంటే అరవై కిలోలు. నీకు, జీనుకు కలిపి తొంభై. నాలుగు వందల యాభై కిలోల గుర్రం కావాలె. మార్వాడీల కూడ అంత బరువున్నది కష్టమే. బిడ్డకు కొంటవా, నీకు కొంటవా, ముందు అది తేల్చుకో.

మొయినాబాద్_స్వారీ:

నాల్బంద్ అన్న మాట చాలావరకు ఒప్పుకుంటా, కానీ థరోబ్రెడ్‌ను అంతగా తీసిపారేయొద్దు. నా దగ్గర రేసుల నుంచి వచ్చిన ఆడగుర్రం ఉంది. ఇప్పుడు చిన్నపిల్లలను ఎక్కించుకుని తిరుగుతుంది. మొదట్లో మూణ్ణెల్లు స్వారీయే చెయ్యలేదు. మేతకు వదిలేసి, దాణా సగానికి తగ్గించి, చేత్తో పట్టుకుని నడిపించామంతే. రేసు దాణా తింటూ రోజంతా కొట్టంలో నిలబడే ఏ గుర్రమైనా పిచ్చెక్కినట్టే ఉంటుంది, దాంట్లో జాతి తప్పేముంది?

అయితే పెనుకొండ అన్నకు నేను కూడా వద్దనే చెప్తా. చుట్టుపక్కల నేర్పేవాళ్ళు ఉంటే ఆ గుర్రం బంగారం. ఒక్కడివే, మొదటి గుర్రం, పన్నెండేళ్ళ పాప: ఈ మూడూ కలిస్తే వద్దు. ఇంకోమాట, గుర్రం ఒంటరిగా ఉండలేదు. పక్కన ఆవులున్నాయి కాబట్టి కొంత నయం. మీ ఆవిడకు ఇప్పుడే చెప్పకండి గానీ, ఏడాది తిరిగేలోపు రెండోది వస్తుంది.

టెక్సాస్_గుంటూరు:

మాది గుంటూరు జిల్లా, ఉద్యోగం ఇక్కడ. ఎనభై రెండు కిలోలు అనగానే నాకు మా దగ్గరి క్వార్టర్ హార్స్ గుర్తొచ్చింది. పావు మైలు, అంటే నాలుగు వందల మీటర్ల పరుగులో దీన్ని మించింది లేదు, పేరూ అందుకే వచ్చింది. కురచగా, వెనక తొడలు ఎద్దుకున్నంత కండతో ఉంటుంది. అయిదు వందల కిలోలు సులువుగా తూగుతుంది, నాలాంటి వాళ్ళను కూడా పట్టించుకోదు. అసలు పని పశువుల మందలో. దూడను మంద నుంచి విడదీయాలంటే దాన్ని చూపించి పగ్గం వదిలేస్తారు. దూడ ఎటు తిరగబోతుందో ముందే కనిపెట్టి, ముందు కాళ్ళు నేలకు ఆనించి, అటు అడ్డం తిరిగేస్తుంది. మొదటిసారి ఎక్కినప్పుడు దూడ ఎడమకు, గుర్రం ఎడమకు, నేను మాత్రం కుడికి పోయాను.

ఇండియాకు తెప్పించుకోమని చెప్పట్లేదు, విమానం ఖర్చుకు మీ ఊళ్ళో ఇల్లు కట్టొచ్చు. పనికీ జాతికీ ఎంత ముడి ఉంటుందో చెప్దామని రాశా.

కర్నూలు_పశువైద్యురాలు:

జాతి గురించి పెద్దలు చెప్పారు. నేను మీ ప్రశ్నలో ఎవరూ పట్టించుకోని ముక్క దగ్గరికి వస్తాను: గట్ల మీద సూపర్ నేపియర్.

ఆవులకు అది మంచిదే. గుర్రానికి అదే ప్రధాన మేత చేయకండి. ఆ గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు వాటిని విరిచేస్తాయి. గుర్రానికి ఆ ఏర్పాటు లేదు, ఆక్సలేట్లు కాల్షియంను పట్టేసుకుని పేడలో పోతాయి. దానికి తోడు మనవాళ్ళు ప్రేమగా తవుడు పెడతారు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రెండూ కలిస్తే గుర్రం ఒంట్లోని కాల్షియం లోటును ఎముకల్లోంచి పూడ్చుకుంటుంది. కొన్ని నెలలకు ముఖం ఎముకలు రెండు పక్కలా ఉబ్బుతాయి, నడక బిగుసుకుంటుంది, ఈరోజు ఈ కాలు, రేపు ఆ కాలు కుంటుతుంది. నా దగ్గరికి అలా వచ్చిన గుర్రానికి నాలలు మార్చి మార్చి విసిగిపోయి చివరికి తీసుకొచ్చారు. మేత మార్చాక కుంటు తగ్గింది, ఉబ్బిన ముఖం మాత్రం అలాగే ఉండిపోయింది.

మీ దగ్గర వేరుశనగ కట్టె ఉంది కదా, అది మంచి మేత. బూజు లేనిది, దుమ్ము దులిపింది పెట్టండి. లూసర్న్ అనే పచ్చిమేత కొంచెం వేసుకోగలిగితే కాల్షియం దిగులుండదు. మూడు వందల కిలోల గుర్రానికి రోజుకు అయిదారు కిలోల ఎండుమేత, నాలుగైదు సార్లుగా. దాని కడుపు చిన్నది, వాంతి చేసుకోలేదు, ఒకేసారి కుక్కితే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. ఉలవలు నానబెట్టో ఉడకబెట్టో కొద్దిగా పెట్టొచ్చు. పొలాల్లో తిప్పేటప్పుడు లేత జొన్న మీద నోరు పెట్టనివ్వకండి. అన్నిటికంటే ముఖ్యం, ఆవుల దాణా బస్తాలో మోనెన్సిన్ ఉందేమో చదవండి. ఆవులకు మేలుచేసే ఆ మందు గుర్రానికి కొద్దిగా తగిలినా గుండె కండరం దెబ్బతిని చచ్చిపోతుంది. రెండు దాణాలూ ఒకే గదిలో పెట్టకండి.

కొనేముందు గ్లాండర్స్ పరీక్ష అడగండి. మనుషులకూ అంటుకునే జబ్బు, తేలితే చట్ట ప్రకారం ఆ గుర్రాన్ని చంపాల్సిందే. రక్తం నమూనా మీ జిల్లా పశుసంవర్ధక శాఖ ద్వారా పంపవచ్చు. మన వైపు ఈగలతో వచ్చే సర్రా అనే జబ్బు కూడా ఉందేమో చూపించుకోండి. ధనుర్వాతం టీకా తప్పనిసరి.

"మూడేండ్లవే" అన్నాడు కదా, పై పెదవి ఎత్తి చూడండి. గుర్రానికి ముందు పళ్ళలో నడిమి జత రెండున్నర ఏళ్ళకు, దాని పక్కది మూడున్నరకు, చివరిది నాలుగున్నరకు మారతాయి. నిజంగా మూడేళ్ళదైతే నడిమి జత ఒక్కటే పెద్ద పళ్ళు, మిగతావి పాలపళ్ళు. అలా కాకుండా పై దవడ ముందు పళ్ళలో చివరిదాని మీద చిగురు దగ్గర నుంచి గోధుమరంగు గాడి దిగుతూ కనిపిస్తే పదేళ్ళు దాటినట్టు. గాడి సగం దాకా వస్తే పదిహేను.

పెనుకొండ_పట్టురైతు:

అందరికీ చేతులెత్తి దండం. ఈరోజు పొద్దున పెళ్ళిగుర్రాల ఆయన దగ్గరికి ఊరికే పోయినట్టు పోయి పెదవి ఎత్తమన్నా. ఎర్రదాని పై పన్ను మీద గాడి సగానికి ఇంకొంచెం తక్కువ దాకా ఉంది. ఇదేందన్నా అంటే "మేత మరక" అన్నాడు. తెల్లదాని మూతి చుట్టూ గులాబీ రంగే, పైన పొక్కులు కూడా ఉన్నాయి.

పాపకే కొనాలని తేల్చుకున్నాం. నేను పక్కన నడుస్తా, డాక్టరు కూడా నడవమనే చెప్పినాడు. సోలాపూర్ వైపు పోయి భీమథడి చూస్తాం. నాల్బంద్ అన్నా, అక్కడ గుర్రం ముందు నిలబడి ఏం చూడాలో అది కూడా చెప్పు.

నాల్బంద్_మలక్‌పేట:

మేత మరకనా! వానికి దండం పెట్టాలె.

చూడు, గుర్రాన్ని ముందుగాల ఇసుకల కాదు, గట్టి నేల మీద నడిపిచ్చుమను. తాడు వదులుగ పట్టుకొని దుల్కీల తేవాలె. తాడు బిగపట్టి తల పైకి గుంజి నడిపిస్తున్నడంటె ఏదో దాస్తున్నడు. ముందు కాలు నొస్తే ఆ కాలు నేలకు తాకినప్పుడల్లా తల పైకి లేస్తది, మంచి కాలు పడ్డప్పుడు కిందికి ఊగుతది. తల నిలకడగుంటె సరే. తర్వాత నాలుగు కాళ్ళు నీ చేతులతోని ఎత్తు. అమ్మేటోడు ఎత్తితే లెక్కల్లేదు, రేపు నీ ఇంట్ల ఎత్తాల్సింది నువ్వు. గిట్ట నడుమ మెత్తటి భాగం నొక్కు, వాసన చూడు. మురిగిన వాసనొచ్చి నల్లగ జిడ్డు అంటుతే పెండల నిలబెట్టి ఉంచిండన్నట్టు. అది నయమైతది, కని రేటు తగ్గించు. గిట్ట గోడకు అడ్డంగ వలయాలు లోతుగ ఉండి, మడిమె దిక్కు వెడల్పై ముందు దిక్కు దగ్గర పడుతుంటే ఆ గుర్రానికి లోపల గిట్ట వాచి పోయింది, ఊరికే ఇచ్చినా తేకు.

ఆఖరుకు బిడ్డను ఎక్కియ్యి. ముందు వాని పిల్లనో పిలగాన్నో ఎక్కుమను, తర్వాత నీ బిడ్డ. గుర్రం ఎక్కేటప్పుడు కదలకుంట నిలబడాలె.

తెచ్చినంక ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కియ్యాలె, నాల లేకున్నా సరే. మీ దిక్కు ఎద్దులకు నాలలు కొట్టేటోళ్ళు ఉంటరు, వాళ్ళ చేతికి ఇయ్యకు, ఎద్దు గిట్ట వేరు. బెంగళూరు నుంచి మా పనోళ్ళు అటు దిక్కు ఫారాలకు వస్తుంటరు, అడిగి చెప్త. బేరం అయ్యే ముందు ఇక్కడ ఒక ఫోటో పెట్టు. గుర్రంది కాదు, నాలుగు గిట్టల అడుగులయి.